జూలైలో శీతల వాతాగ్రం: శనివారం పార్కులో భోజనాలు పెట్టుకోవచ్చా?

తెనాలి_ఎడిసన్ (ప్రశ్న, బుధవారం రాత్రి)

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. మా అపార్ట్‌మెంట్లలోని 15 తెలుగు కుటుంబాలు కలిసి ఈ శనివారం మధ్యాహ్నం కౌంటీ పార్కులో భోజనాలు ఏర్పాటు చేసుకున్నాము. అక్కడి పెవిలియన్‌కు (పక్కలు తెరిచి ఉండే కప్పున్న మండపం) నెల ముందే డబ్బు కట్టాము, వంటలు ఎవరెవరు తేవాలో పంచుకున్నాము, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో కలిపి పెద్దవాళ్ళే పదిమంది దాకా ఉంటారు. ఇప్పుడేమో వాతావరణ సూచనలో శుక్రవారం నుంచి ఆదివారం వరకు నెమ్మదిగా కదిలే ఒక శీతల వాతాగ్రం (కోల్డ్ ఫ్రంట్) మన ప్రాంతం మీదుగా వెళ్తుందని, ఉరుములతో కూడిన వానలు పడతాయని చెబుతున్నారు. శనివారం వాన పడే అవకాశం 60 శాతం అని ఫోన్‌లో కనిపిస్తున్నది.

నాకు అర్థం కాని విషయాలు కొన్ని ఉన్నాయి. బయట 93 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాస్తూ, చొక్కా ఒంటికి అతుక్కుపోయేంత ఉక్కపోతగా ఉంటే, దీనిని ‘శీతల’ వాతాగ్రం అని ఎందుకు అంటారు? 60 శాతం అంటే రోజులో 60 శాతం సేపు వాన పడుతుందని అర్థమా, లేక మా పార్కు మీద పడే అవకాశం అంతే ఉందని అర్థమా? పైగా, ఇక్కడి తుపానుల సూచనా కేంద్రం (స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్) వాళ్ళ పటంలో మన ప్రాంతానికి ముదురు ఆకుపచ్చ రంగు వేశారు. అది చూసి మా నాన్నగారు, ‘పచ్చ రంగే కదా, భయం లేదు, మన దగ్గర కూడా పచ్చ అంటే హెచ్చరిక లేదనే’ అని తేల్చేశారు. ఆయన 40 ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, ఆకాశాన్ని చూసి చెప్పిన మాట చాలాసార్లు నిజమవుతుంది, అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. ఏర్పాటు రద్దు చేసుకోవాలా, వేళ మార్చుకోవాలా? తెలిసినవారు చెప్పగలరు.

వానకొలత_రారిటన్

నేను వాతావరణ శాస్త్రవేత్తను కాను. కోకోరాస్ అనే స్వచ్ఛంద వాన కొలతల బృందంలో సభ్యుడిగా ఇంటి వెనుక నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న గొట్టం పాతుకుని, రోజూ ఉదయం 7 గంటలకు అందులోని నీరు కొలిచి పంపుతుంటాను. వేసవిలో ఇటువంటి వాతాగ్రాలను చాలా చూశాను కనుక తెలిసినంత వివరంగా రాస్తాను.

ముందుగా ‘శీతల’ అన్న మాటను పోల్చి చూసుకోవాల్సిన మాటగా తీసుకోండి. రెండు పెద్ద గాలి రాశులు ఎదురుపడినప్పుడు, చల్లనిది ముందుకు జరిగి వెచ్చనిదాన్ని నెట్టుకుంటూ వస్తే ఆ సరిహద్దును శీతల వాతాగ్రం అంటారు. ఆ ఊహను మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు స్థిరపరిచారు. 1919లో యాకబ్ బ్యెర్క్నెస్ రాసిన వ్యాసం అందులో ప్రసిద్ధమైనది. ‘ఫ్రంట్’ అన్న మాట యుద్ధరంగం నుంచే వచ్చింది. పటం మీద నీలి త్రికోణాలతో గీసే గీత అదే. జనవరిలో ఆ గీత దాటితే ఉష్ణోగ్రత ఒక్క పూటలో 30 డిగ్రీలు పడిపోవచ్చు, జూలైలో మాత్రం కెనడా నుంచి వచ్చే గాలి కూడా ఎండకు కాగి ఉంటుంది కనుక ఇటు 93 ఉంటే అటు 84 ఉండవచ్చు, అంతకు మించి తేడా కనిపించదు. అసలు తేడా తేమలో ఉంటుంది. అందుకే ఈ మూడు రోజులూ మీరు ఉష్ణోగ్రత చూడకండి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) చూడండి. ఇప్పుడు అది 73 దగ్గర ఉన్నది. 70 దాటితే చెమట ఆరదు. అది 50ల్లోకి దిగి, గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరిగిన గంట మీకే తెలుస్తుంది, కిటికీ తెరిస్తే ఒళ్ళు హాయిగా ఉంటుంది. వాతాగ్రం దాటిందనడానికి నేను నమ్మే గుర్తు అదొక్కటే.

ఇక అది నెమ్మదిగా ఎందుకు నడుస్తున్నదంటే, వేసవిలో ఎత్తున వీచే జెట్ ప్రవాహం బలహీనపడి కెనడా వైపు తొలగిపోతుంది, వాతాగ్రాన్ని వెనుక నుంచి గట్టిగా తోసేవారు ఉండరు. అట్లాంటిక్ మీద బెర్ముడా దగ్గర నిలబడిన అధిక పీడనం ఎదురుగా అడ్డం పడుతుంది. పై గాలులు ఆ గీతకు అడ్డంగా కాకుండా గీత వెంబడే నైరుతి నుంచి ఈశాన్యానికి వీస్తుంటే, గీత కదలదు, దాని మీద పుట్టిన మేఘాలు మాత్రం గూడ్సు బండి పెట్టెల్లాగా ఒకదాని వెనుక ఒకటి ఒకే ఊరి మీదుగా వెళ్తుంటాయి. మొదటి మేఘం అర అంగుళం కురిసి వెళ్ళిపోతుంది, దాని వెనుకదీ అంతే కురుస్తుంది, నాలుగోది వచ్చేసరికి వీధిలో నీళ్ళు నిలుస్తాయి. వేగంగా దాటే వాతాగ్రంతో మనం భయపడాల్సింది గాలికి, నెమ్మదిగా దాటే దానితో నీటికి. ఈసారి మీరు రెండో రకానికి సిద్ధపడాలి. మన తలపైన గాలి స్తంభంలోని తేమ అంతా నీరైతే రెండు అంగుళాల దాకా ఉంటుందని సూచన రాసేవాళ్ళు అంటున్నారు. ఈ ప్రాంతానికి అది ఎక్కువే.

మరొక సంగతి. వానలు సరిగ్గా గీత మీదే పడతాయని అనుకోకండి. అపలాచియన్ కొండలకు తూర్పు పక్కన, వాతాగ్రానికి 50, 100 మైళ్ళ ముందుగా ఒక చిన్న అల్పపీడన ద్రోణి తరచు ఏర్పడుతుంది. మధ్యాహ్నం ఎండకు నేల కాగాక మొదటి వరుస ఉరుముల వాన పెన్సిల్వేనియాలో అక్కడే పుట్టి, సాయంత్రానికి డెలావేర్ నది దాటి మన వైపు వస్తుంది. అందువల్ల శుక్రవారం సాయంత్రం ఒక దఫా, శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మరికొన్ని దఫాలు, ఆదివారం గీత డెలావేర్, మేరీలాండ్ వైపు జారేదాకా అక్కడక్కడ జల్లులు అని నా అంచనా. సముద్రతీరం వెంబడి ఉన్న ఊళ్ళకు చల్లని సముద్రపు గాలి కొంత కాపు కాస్తుంది, వాన మేఘాలు అక్కడికి చేరేసరికి తరచు నీరసిస్తాయి, అయితే రాత్రి వేళ పై గాలులు బలంగా ఉంటే ఆ కాపు పనిచేయదు. శనివారం పొద్దున ఎండ బాగా కాసిందని మాత్రం సంబరపడకండి. పొద్దుటి మబ్బు మధ్యాహ్నపు వానకు బలం తగ్గిస్తుంది, పొద్దుటి ఎండ దానికి ఇంధనం పోస్తుంది.

60 శాతం అంటే, సూచన చెప్పిన ఆ వ్యవధిలో ఆ ప్రాంతంలో ఏ చోటును తీసుకున్నా, అంటే మీ పార్కును తీసుకున్నా, అక్కడ కనీసం 0.01 అంగుళం వాన పడే అవకాశం 60 శాతం ఉందని అర్థం. ఎంతసేపు పడుతుందో, ఎంత పడుతుందో ఆ అంకె చెప్పదు. కనుక రోజు మొత్తానికి ఇచ్చిన అంకెను వదిలేసి గంటలవారీ సూచన చూడండి. మీ మిడిల్‌సెక్స్ కౌంటీకి జాతీయ వాతావరణ సేవ వారి మౌంట్ హోలీ కార్యాలయం సూచనలు ఇస్తుంది. వారు రోజూ రాసే సూచన చర్చ (ఫోర్‌కాస్ట్ డిస్కషన్) అనే వివరణ చదివితే, వారికి ఎక్కడ ధీమా ఉందో ఎక్కడ లేదో వాక్యాల్లోనే తెలిసిపోతుంది. ఫోన్‌లోని బొమ్మలకంటే అది ఎన్నో రెట్లు మేలు.

రంగు విషయంలో మీ నాన్నగారు పొరబడడంలో ఆశ్చర్యం లేదు. మన భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న తుపానుల సూచనా కేంద్రం పటంలో లేత ఆకుపచ్చ అంటేనే ఉరుముల వానలు. ముదురు ఆకుపచ్చ అంటే తీవ్రమైన ఉరుముల వానకు ఉన్న ఐదు మెట్లలో మొదటి మెట్టు, పసుపు రెండోది, ఆ తరువాత నారింజ, ఎరుపు, చివరిది గులాబీ ఊదా కలిసిన రంగు. ఇక్కడ ‘తీవ్రం’ అనాలంటే గాలి గంటకు 58 మైళ్ళైనా అందుకోవాలి, లేదా వడగళ్ళు అంగుళం పరిమాణంలోనైనా ఉండాలి, లేదా సుడిగాలైనా పుట్టాలి. వాన ఎంత పడిందన్నది ఆ లెక్కలోకే రాదు! అతివృష్టికి వేరే పటం ఉన్నది, మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ నుంచి వాతావరణ సూచనా కేంద్రం దానిని విడుదల చేస్తుంది. ఈ వారం మీరు చూడవలసింది ఆ పటాన్ని.

నేనైతే రద్దు చేయను. ఉదయం 9:30కు మొదలుపెట్టి ఒంటి గంటకల్లా గిన్నెలు కార్లలో పెట్టేస్తాను.

ఉప్పాడ_కెరటం

పై సమాధానం చాలా బాగుంది. ఒక్క మాట కలుపుతాను, ఎందుకంటే పెవిలియన్ ఉందన్న ధైర్యం మీ ప్రశ్నలో కనిపించింది. పక్కలు తెరిచి ఉన్న పెవిలియన్ వానకు గొడుగు మాత్రమే, పిడుగుకు అది ఏ రక్షణా ఇవ్వదు. నాలుగు గోడలు, కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఉన్న భవనం లేదా పైన లోహపు కప్పు ఉన్న కారు, ఈ రెండే సురక్షితమైనవి. మెరుపు కనబడిన తరువాత ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, ఐదు సెకన్లకు ఒక మైలు. అయితే ఆ లెక్క దూరం తెలుసుకోవడానికే తప్ప, ‘ఇంకా ఐదు మైళ్ళుంది కదా, ఈ పంక్తి భోజనం అయిపోనీ’ అనుకోవడానికి కాదు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు మీ దాకా రాగల దూరంలోనే ఉన్నది. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి గాని బయటికి రావద్దని ఇక్కడి వాతావరణ సేవ చెబుతుంది. పిల్లలను సగం ఆటలోంచి పిలవడం, పెద్దవాళ్ళను సగం విస్తరి మీద నుంచి లేపడం మనవాళ్ళకు మొహమాటం. ఆ పని ఎవరు చేయాలో ముందే ఒకరికి అప్పగించండి, ఆ ఒక్కరు రాడార్ చూస్తూ ఉంటే చాలు.

తెనాలి_ఎడిసన్

ఇద్దరికీ కృతజ్ఞతలు. పిడుగు సంగతి నిజంగానే నాకు తోచలేదు. రంగుల తేడా నాన్నగారికి వివరించాను, ‘అయితే వీళ్ళ పచ్చ మన పచ్చ కాదన్నమాట’ అని ఒప్పుకున్నారు గాని, వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములు, ఈదురుగాలితో వాన వస్తే గంటలో అయిపోతుంది, మర్నాడు మళ్ళీ మామూలు ఎండే. ఇక్కడ అదే రకం వాన మూడు రోజులు ఎలా ఉంటుందని ఆయన సందేహం. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

మున్నేటి_ఒడ్డు

నమస్కారమండీ, నేను ఖమ్మం నుంచి రాస్తున్నాను. భూగోళశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మీ నాన్నగారి ప్రశ్న తరగతిలో ఎవరైనా అడిగితే ఆ రోజు పాఠం పక్కన పెట్టి దానికే సమాధానం చెప్పేవాణ్ణి.

మన తెలుగు నేల మీదకు వాతాగ్రాలు రావు. మన వేసవి వానలకు కారణం వేరు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి విస్తరించి ఉందని వార్తల్లో వింటుంటాం కదా, ఆ గీతకు ఒక పక్కన ఉత్తర, పడమర దిక్కుల నుంచి వచ్చే పొడి గాలి, మరో పక్కన బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి ఉంటాయి. రెండూ వేడివే, కనుక ఒకదాన్ని చల్లనిదనీ మరొకదాన్ని వెచ్చనిదనీ అనలేము. తేడా తేమలోనూ వీచే దిక్కులోనూ ఉంటుంది. ఎండకు కాగిన నేల మీది గాలి ఆ గీత వెంట పైకి లేచి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘమై, సాయంత్రం నాలుగింటికో ఐదింటికో విరుచుకుపడుతుంది. వాన మొదలయ్యాక మేఘంలోంచి చల్లని గాలి నేలకు దిగి చుట్టూ పరుచుకుంటుంది. మామిడికాయలు రాల్చే ఈదురుగాలి అదే. ఆ చల్లగాలే మేఘానికి కింద నుంచి అందే వేడి తేమను తెంచేస్తుంది, తన పొయ్యి మీద తనే నీళ్ళు పోసుకున్నట్లు. కాబట్టే గంటలో చల్లారిపోతుంది. ద్రోణి మాత్రం మర్నాడూ అక్కడే ఉంటుంది, కానీ మళ్ళీ నేల కాగితే గాని దానికి ఊపిరి రాదు.

వాతాగ్రం దగ్గర పద్ధతి వేరు. అక్కడ బరువైన చల్లని గాలి రాశి చీలలాగా కిందకు దూరి, వెచ్చని తేమ గాలిని ఎండతో పని లేకుండా, రాత్రి వేళ కూడా, ఎత్తుతూనే ఉంటుంది. ఒక మేఘం ఆరిపోతే దాని పక్కన మరొకటి పుడుతుంది. పై గాలులు వాటిని వరుసగా నడిపిస్తాయి. అందుకే మూడు రోజులు. మీ నాన్నగారి అనుభవం తప్పు కాదు, ఆయన చూసిన వాన వేరు, ఇది వేరు.

ఆయనకు తేలికగా తెలియాలంటే మన వేసవి వానతో కాక, వానాకాలపు అల్పపీడనంతో పోల్చి చెప్పండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో వాయుగుండం నిదానంగా నడిచినప్పుడు మా ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఏం చేశాయో ఆయన వార్తల్లో చూసే ఉంటారు. ఆ రెండు రోజులు పెద్ద గాలేమీ లేదు. ఉరుములు కూడా నాకు గుర్తులేవు. వాన ఆగకపోవడమే. మా వీధి చివరి ఇంటి గోడ మీద నీరు నిలిచిన బురద గీత నా భుజం ఎత్తున ఉండేది, సున్నం వేయించే వరకు అలాగే ఉన్నది. పై మిత్రులు గాలికంటే నీటిని చూడమన్నది అందుకే.

కల్వర్టు_సివిల్

నేను న్యూజెర్సీలోనే మురుగు, వాననీటి కాలువల పనిలో ఉన్నాను. మీ భోజనాల సంగతి తేలిపోయినట్లే ఉన్నది కనుక ఇంటి సంగతి చెబుతాను. మన వీధుల కింద ఉన్న పాత కాలువలు గంటకు అంగుళం, అంగుళంన్నర వానను మోయగలిగితే గొప్ప. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషం ఒక వాతాగ్రంతో కలిసి ఇటు వచ్చినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు, న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో ఆ రోజు మొత్తానికి 8.41 అంగుళాలు కురిసింది. న్యూయార్క్ నగరంలో చనిపోయినవారిలో ఎక్కువమంది బేస్‌మెంట్ ఇళ్ళలోనివారు, న్యూజెర్సీలో ఎక్కువమంది వరదలో కార్లతో చిక్కుకున్నవారు. ఈ శనివారం వాన ఐడా అంతటిది అవుతుందని నేను అనడం లేదు, అందుకు సూచనలేవీ లేవు. అయితే ప్రమాదం వచ్చే దారి మాత్రం ఒకటే.

బేస్‌మెంట్ ఉన్నవారు శుక్రవారం మధ్యాహ్నంలోగా సంప్ పంపు (బేస్‌మెంట్ నేల కింద చేరే నీటిని బయటికి తోడే పంపు) గుంటలో ఒక బకెట్టు నీళ్ళు పోసి చూడండి. ఫ్లోటు లేచి మోటారు తిరగాలి, నీళ్ళు బయటి గొట్టం నుంచి పోవాలి. ఒకసారి మా ఇంట్లో మోటారు తిరిగింది గాని బయట గొట్టం మూతి దగ్గర పిచ్చుక గూడు కట్టింది, నీళ్ళన్నీ తిరిగి గుంటలోకే వచ్చాయి. ఉరుముల వానకు కరెంటు పోతే పంపు కూడా ఆగిపోతుంది, కనుక బ్యాటరీ పంపు ఉంటే దాని ఛార్జింగు చూసుకోండి. వీధి చివర వాననీటి జాలీ మీద ఆకులుంటే చేత్తో తీసేయండి, అది మునిసిపాలిటీ పనే అయినా ఆ రాత్రి నీళ్ళు వచ్చేది మీ గుమ్మంలోకి. పార్కు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైలు వంతెన కింద రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉంటే ముందు కారు వెళ్ళింది కదా అని వెళ్ళకండి. పారే నీరు 12 అంగుళాలుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది.

ఫోన్‌కు వచ్చే హెచ్చరికల్లో ‘వాచ్’ అంటే అలా జరగడానికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, ‘వార్నింగ్’ అంటే జరుగుతున్నదని లేదా జరగబోతున్నదని. రెండోది వస్తే చదువుతూ నిలబడవద్దు.

తెనాలి_ఎడిసన్ (ఆదివారం మధ్యాహ్నం)

ఏమైందో చెప్పడం నా బాధ్యత. గురువారమే అందరికీ కబురు పెట్టి భోజనాలను ఉదయం 10 గంటలకు మార్చాము. ‘పొద్దున్నే పులిహోర ఏమిటి’ అని ఇద్దరు ముగ్గురు గొణిగారు, అయినా అందరూ వచ్చారు. శుక్రవారం సాయంత్రం అనుకున్న దఫా మాకు ఉత్తరంగా వెళ్ళిపోయింది, మాకు రాలిన చుక్కలు కారు అద్దం మీది దుమ్మును మచ్చలు చేయడానికి సరిపోయాయి, అంతే. దానితో శనివారం పొద్దున నా మీద వేళాకోళాలు మొదలయ్యాయి. ఎండ చూస్తే మండిపోతున్నది, నాకూ అనుమానం వచ్చింది.

పన్నెండున్నరకు నాన్నగారు కుర్చీలోంచి లేచి, ‘గాలి ఆగింది, సర్దండి’ అన్నారు. ఆకు కదలడం లేదు. రాడార్‌లో అప్పటికి మొదటి వరుస పెన్సిల్వేనియాలో ఆలెన్‌టౌన్ దగ్గరే ఉన్నది. ఒంటి గంటా పది నిమిషాలకు అల్యూమినియం ట్రేలన్నీ కార్లలోకి చేరాయి. రెండున్నరకు ఇంటి బాల్కనీలో నిలబడి ఉంటే వాయవ్యం మూల సీసం రంగు తేలింది, ఒక్కసారిగా చల్లగాలి వీచి తీగ మీది తువ్వాలు ఎగిరి పక్కింటి బాల్కనీలో పడింది. ఖమ్మం మాస్టారు చెప్పిన గాలి అదేనని నాన్నగారికి చూపించాను. మెరుపుకూ ఉరుముకూ మధ్య మొదట 18 లెక్కపెట్టాము, నాలుగో మెరుపుకు 7 వచ్చింది, ఆ తరువాత తలుపు వేసుకుని లోపలికి వచ్చేశాము. వాన 40 నిమిషాలు కొట్టి తెరిపిచ్చింది, ఆరింటికి మళ్ళీ వచ్చింది, రాత్రి పదకొండింటికి మూడోసారి. మా కింది అంతస్తులో ఎక్కడా నీళ్ళు రాలేదు గాని, మాతో భోజనానికి వచ్చిన ఒక కుటుంబం ఇంట్లో కరెంటు పోయి బేస్‌మెంట్ తివాచీ తడిసింది. పంపు పరీక్షించమన్న మాట వాళ్ళకు నేను ముందే పంపి ఉండవలసింది.

ఇప్పటికింకా డ్యూ పాయింట్ 70 దగ్గరే ఉన్నది, గాలి తిరగలేదు. వానకొలత గారూ, మీ గొట్టంలో ఎంత పడింది?

వానకొలత_రారిటన్

ఈ ఉదయం 7 గంటలకు 2.36 అంగుళాలు. అయితే మా ఊరి అవతలి పక్కన మరో సభ్యుడికి 0.81 మాత్రమే పడింది. అతని మీదుగా ఆ గూడ్సు బండి వెళ్ళలేదు. గీత ఇంకా ట్రెంటన్ దగ్గరే తచ్చాడుతున్నది, సాయంత్రం మరో జల్లు ఉండవచ్చు, కనుక తువ్వాళ్ళు ఇప్పుడే ఆరవేయకండి. గాలి వాయవ్యానికి తిరగడం రేపు తెల్లవారుజాముకు అని మౌంట్ హోలీ వారి తాజా చర్చలో ఉన్నది.